మౌలాలి శ్రుతి పట్టిన పెడల్

2023 నవంబరు. కడపలో ఏడు రోడ్ల కూడలికి రెండు సందుల అవతల నా దుకాణం. ఆ మంగళవారం ఉదయం పదకొండుకి లోపల ఉన్నవాళ్లు ముగ్గురు: నేను, సన్నాయి ఊదే హుసేనప్ప, వయసు అరవైకి దగ్గర, ఆయన తమ్ముడు మౌలాలి, అన్నకంటే పదేళ్లు చిన్న, చూడడానికి పదేళ్లు పెద్ద. ఉన్న వస్తువులు: విప్పి పెట్టిన ఒక ఆంప్లిఫయర్, సోల్డరింగ్ ఐరన్, ఒక మైకు, మూడు గిటార్ పెడల్స్, గుడ్డ సంచిలో రెండు సన్నాయిలు, మౌలాలి చేతిలో ఒక తువ్వాలు. ఆయన ఆ తువ్వాలును నోటి దగ్గర నుంచి దాదాపు తీయలేదు. ఆ రోజు నేను రాసుకున్న కాగితంలో మిగతావన్నీ ఉన్నాయి, తువ్వాలు లేదు.

నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివాను. సౌండ్ పరికరాలు అమ్ముతాను, బాగు చేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చర్చిల్లో గిటార్ వాయించే కుర్రాళ్లు, తర్వాత పెళ్లి ఆర్కెస్ట్రాల వాళ్లు, భజన బృందాలు. పెడల్ అడిగితే వెంటనే చూపించను. నా దగ్గర తొమ్మిది ప్రశ్నల ఫారం ఒకటి ఉంది. ఏ వాయిద్యం, మైకు నుంచా జాక్ నుంచా, ఎంతసేపు రికార్డు కావాలి, ఇలా. కొనేవాళ్లకు తమకేం కావాలో చెప్పడం రాకపోవచ్చు, ప్రశ్నలు సరిగ్గా ఉంటే జవాబు దానంతట అదే తేలుతుందని నా నమ్మకం. అప్పటికి నాలుగేళ్లుగా ఆ ఫారం నన్ను మోసం చేయలేదు.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పెడల్ అంటే కాలితో నొక్కే చిన్న ఇనుప పెట్టె. అందులో డిలే అని ఒక రకం ఉంది. మనం ఊదిన స్వరాన్ని కాసేపాగి తిరిగి వినిపిస్తుంది, బావిలోకి అరిచినట్టు. ఒకటి రెండుసార్లు పలికి తగ్గిపోతుంది. లూపర్ ఇంకో రకం. ఒకసారి నొక్కితే రికార్డు మొదలు, రెండోసారి నొక్కితే రికార్డు ఆగి, పట్టిన ముక్క మొదటి నుంచి చివరికి, మళ్లీ మొదటి నుంచి, మనం ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది. దాని మీద ఇంకో పొర ఊదుకోవచ్చు. ఒక్క మనిషి నలుగురిలా వినిపించేది ఈ పెట్టెతోనే.

హుసేనప్ప వాళ్లది కోయిలకుంట్ల దగ్గర పల్లె. రెండు బస్సులు మారి వచ్చారు. వాళ్ల ఊరి చర్చిలో గిటార్ వాయించే ఒకతను నా దుకాణం పేరు చెప్పాడట.

"సన్నాయి మీద సన్నాయి పడాల నాయనా," అన్నాడు హుసేనప్ప. "ఒకసారి ఊదింది నిలబడి ఉండాల. దాని మీద నేను ఊదుకుంటా పోవాల. అట్లాంటి మిషను ఉండాదంట కదా?"

"ఉంది పెద్దాయనా. ఎక్కడ వాడతారు?"

"మా ఊరి దేవళంలో. మాఘమాసంలో తిరునాల. మా తాతల కాలం నుంచి మేళం మాదే."

"కరెంటు ఉంటుందా?"

"ఉంటాది, పోతాది. దాని ఇష్టం."

రాసుకున్నాను: బ్యాటరీ ప్యాక్ అవసరం. గుడిలో చెప్పులు ఉండవు కాబట్టి ఒట్టికాలితో నొక్కాలి: వెడల్పు స్విచ్ అవసరం. మైకు నుంచి పెడల్‌కు వెళ్లే సిగ్నల్ బలహీనంగా ఉంటుంది కాబట్టి మధ్యలో దాన్ని పెంచే ఒక ప్రీఆంప్ అవసరం. ఇలా ఎనిమిది ప్రశ్నలు పూర్తయ్యాయి. తొమ్మిదోది: కరెంటు తీసేసిన తర్వాత కూడా రికార్డు నిలవాలా? దాన్ని నేను అడగలేదు. గుడిలో వాయించేవాడు ఆ పూట ఊదుతాడు, ఆ పూట పట్టుకుంటాడు, దాని మీద తనే ఇంకోటి ఊదుతాడు. మరుసటి రోజు మళ్లీ కొత్తది. అందుకని 'అవసరం లేదు' అని నేనే రాసేశాను.

నా దగ్గర సరిపోయేవి రెండున్నాయి. ఒకటి అచ్చంగా లూపర్. రికార్డులు దాచుకునే మెమరీ స్లాట్లు ఉన్నాయి, కానీ దగ్గర దగ్గరగా నాలుగు చిన్న స్విచ్‌లు, వేలి గోరంత తెర, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు. రెండోది డిలే పెడలే, అందులో లూప్ పట్టే ఏర్పాటు కూడా ఉంది. ఒకే ఒక్క వెడల్పాటి స్విచ్. అరవై సెకన్ల దాకా పడుతుంది. కరెంటు తీస్తే చెరిగిపోతుంది. నేను రెండోది తీశాను. వాళ్ల కాలికి ఏది అనువో ఆలోచించి తీశాననే నా ఉద్దేశం.

"ఊది చూడండి," అన్నాను.

హుసేనప్ప సంచిలోంచి ఒక సన్నాయి తీశాడు. రెండోది కాస్త పొడుగ్గా ఉంది, అది సంచిలోనే ఉండిపోయింది. స్పేర్ అనుకున్నాను. స్విచ్ దగ్గర మౌలాలి కూర్చున్నాడు. చెప్పు విడిచి, బొటనవేలు దాని మీద పెట్టి, నావైపు చూశాడు. తమ్ముడు నొక్కాడు, అన్న ఒక చిన్న ముక్క ఊదాడు, తమ్ముడు మళ్లీ నొక్కాడు, ముక్క తిరగడం మొదలైంది. అన్న దాని మీద రాగం ఎత్తుకున్నాడు. సందులో పోతున్న ఆటో ఒకటి ఆగింది. ఎదుటి మెడికల్ షాపాయన మందులిస్తున్న చేయి ఆపి ఇటు చూశాడు. హుసేనప్ప సన్నాయి దించి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు, వెనక ఎవరైనా దాక్కున్నారేమో అన్నట్టు.

"ఏమిరా మౌలా, ఎట్లుండాది?"

"నీకంటే బాగా ఊదుతాందన్నా. తప్పు పోవడంల్యా."

"నీ నోట్లో మన్నుపడ," అని హుసేనప్ప నవ్వాడు.

"మీరు కూడా ఊదుతారు కదా, మీరు ఒకసారి చూడండి," అన్నాను మౌలాలితో.

హుసేనప్ప వెంటనే అందుకున్నాడు. "వానికి పడిశం నాయనా."

"అవు సారూ, పడిశమే," అన్నాడు మౌలాలి తువ్వాలు తీయకుండా. "మూడేండ్ల నుంచి ఉండాది."

నేను నవ్వాను. వాళ్లు నవ్వలేదు. అప్పుడైనా అర్థం కావాల్సింది.

వెళ్లేముందు వాడే పద్ధతి రెండుసార్లు చెప్పాను. "ఈ లైటు పచ్చగా వెలిగితే లోపల పట్టిన సౌండ్ ఉన్నట్టు. ఎర్రగా వెలిగితే రికార్డు అవుతున్నట్టు. అసలు వెలగకపోతే లోపల ఏమీ లేనట్టు." హుసేనప్ప ఆ మూడు మాటలూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ అప్పజెప్పాడు. అడాప్టర్ బ్యాటరీ ప్యాక్‌కు, ప్యాక్ పెడల్‌కు కలిపి ఇచ్చాను. కరెంటు పోయినా ఒక రోజు పైన నడుస్తుంది. అది మంచి ఏర్పాటే. దానివల్లే మూడు నెలలు నా తప్పు ఎవరికీ కనిపించలేదు.

డిసెంబరులో హుసేనప్ప ఫోన్ చేశాడు. "ఇను నాయనా," అని ఫోను స్పీకర్ దగ్గర పెట్టాడు. ఒకే స్వరం, నిండుగా, తెగకుండా. నలభై సెకన్లకోసారి చిన్నగా గాలి లోపలికి పీల్చిన చప్పుడు, మళ్లీ అదే స్వరం. లూప్ మొదలూ చివరా అతుక్కునే చోట అలాంటి చప్పుళ్లు వస్తుంటాయి.

"చాలా బాగా వచ్చింది పెద్దాయనా. ఆ అతుకు దగ్గర గాలి చప్పుడు వస్తోంది, ఈసారి వచ్చినప్పుడు తీసేస్తాను."

"వద్దులే నాయనా. అది ఉండనీ."

ఎందుకు ఉండనివ్వాలో నేను అడగలేదు. ఆయన ఊదిందే అనుకున్నాను.

2024 ఫిబ్రవరిలో, వాళ్ల తిరునాల ముందు రోజు మధ్యాహ్నం, రెండోసారి ఫోన్ వచ్చింది.

"పచ్చ లైటు వెలగడంల్యా నాయనా."

అడాప్టర్ చూడమన్నాను. ఉంది. ప్యాక్ చూడమన్నాను. చార్జి నిండుగా ఉంది. "మధ్యలో ఎప్పుడైనా వైరు తీశారా?"

"తీసినాం. మల్ల పెట్టినాం."

"అయితే లోపలిది పోయింది పెద్దాయనా. ఫరవాలేదు, మళ్లీ ఊదండి. ఒక నిమిషం పని."

"ఎవురు ఊదల్ల నాయనా?" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. మేళంలో ఒకరు రాగం ఊదుతారు, రెండోవారు శ్రుతి పడతారు. శ్రుతి అంటే ఒకే స్వరాన్ని గంటల తరబడి తెగకుండా పట్టి ఉంచడం. బుగ్గల్లో గాలి నింపుకుని దాన్ని వదులుతూ, అదే క్షణంలో ముక్కుతో కొత్త గాలి పీల్చుకోవాలి. సంచిలోని ఆ పొడుగు సన్నాయి దానికే. వాళ్లింట్లో ముప్పై ఏళ్లుగా శ్రుతి పట్టేది మౌలాలి. తిరునాలలు లేని నెలల్లో ఆయన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీకి పోయేవాడు. ఇరవై ఏళ్ల రాతిపొడి ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. మందు లేదని డాక్టర్లు చెప్పి మూడేళ్లు. గుడి మండపంలో మేళానికి రెండు చాపలు వేస్తారు. శ్రుతి పట్టలేనివాడికి ఆ రెండో చాప ఉండదు. తమ్ముడికి ఊపిరి మిగిలి ఉండగానే ఒకసారి పట్టి దాచుకుంటే, వాడు ఆ చాప మీద కూర్చుని కాలితో నొక్కుతాడు, పలికేది వాడి శ్రుతే కాబట్టి ఎవరూ లేవమనలేరు. హుసేనప్ప నా దుకాణానికి వచ్చింది అందుకు. తమ్ముడి ఎదుట ఆ మాట అనలేక 'సన్నాయి మీద సన్నాయి పడాల' అన్నాడు.

"నవంబరులో ఒకనాడు పొద్దున్నే వానికి బాగుండె," అన్నాడు. "ఎట్లనో పట్టినాడు. అదే కడాది. మల్ల వానికి రాలేదు."

మర్నాడు తెల్లవారుతూనే బైకు మీద బయలుదేరాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దాటి వాళ్ల ఊరు చేరేసరికి తొమ్మిది. సంచిలో లాప్‌టాప్, నేను అప్పుడు పక్కన పెట్టిన మెమరీ లూపర్, కేబుల్స్. పోయినదాన్ని తిరిగి తేవడం కుదరదని నాకు ముందే తెలుసు. ఆ పెడల్‌లో రికార్డు ఉండే చిప్ కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకుంటుంది. కరెంటు తెగితే వెతకడానికి కూడా ఏమీ మిగలదు. తెలిసీ లాప్‌టాప్ తీసుకెళ్లాను. ఊరికే కూర్చోలేక.

ఇంట్లో మంచం మీద మూడు దిండ్లకు ఆనుకుని మౌలాలి ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదు. పక్కన గోడవారగా తెల్లగుడ్డ పరిచి ఉంది. దాని మీద రెండు సన్నాయిలు, వాటి నోటి దగ్గర బిగించే రెల్లు పీకలు విడదీసి, కడిగి, వరసగా. వాటి పక్కనే నా పెడల్, తడిగుడ్డతో తుడిచి, వైర్లన్నీ చుట్టి. దాని మీద ఒక బంతిపువ్వు.

"నేనే పీకినా సారూ," అన్నాడు మౌలాలి. ఒక్కో మాటకు ఆగుతున్నాడు. "తిరునాల ముందర... వాయిద్యాలన్నీ విప్పి కడిగి... గుడ్డ మీద పెడతాం. ఆ పొద్దు వాటికి ఇడుపు. చిన్నప్పటి నుంచి ఆ పని నాదే. ఇది గూడా వాయిద్యమే గదా అని."

వాళ్ల వంశంలో పద్ధతి అది. పూజకు ముందు రోజు ఏ వాయిద్యమూ బిగించి ఉండకూడదు. విప్పదగింది ప్రతిదీ విప్పాలి. పచ్చ లైటు ఉంటేనే లోపల సౌండ్ ఉన్నట్టన్న నా మాట పట్టుకుని, పెడల్‌ను అలమరలో దీపంలా మూడు నెలలు వెలిగించి కాపాడింది హుసేనప్ప. దాన్ని మొదటిసారి వాయిద్యంగా లెక్కించి మర్యాద చేసింది మౌలాలి. వైరు తీస్తే చెరిగిపోతుందని వాళ్లకు చెప్పాల్సింది ఎవరో నాకు తెలుసు.

"తప్పు మీది కాదు," అన్నాను. "ఇది పోతుందని నేను చెప్పాల్సింది. చెప్పలేదు. ఇంకో రకం ఉండింది, అది ఇవ్వలేదు."

హుసేనప్ప పెడల్ మీది బంతిపువ్వును సరిచేసి పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇంకో రకం తెచ్చినావా సారూ?" అన్నాడు మౌలాలి.

"తెచ్చాను."

"పెట్టు మల్ల. జూస్తాం."

"వద్దురా," అన్నాడు హుసేనప్ప.

"ఊరికుండన్నా. సారు కడప నుంచి వచ్చినాడు."

మైకు పెట్టాను. నాకు ఒక ఉపాయం తోచింది. ఒకే స్వరం కాబట్టి నలభై సెకన్లు అక్కర్లేదు. నాలుగైదు సెకన్లు నిలకడగా వస్తే చాలు, అతుకు కనపడకుండా తిప్పవచ్చు. సాంకేతికంగా అందులో తప్పులేదు. ఆ మాట చెప్పగానే హుసేనప్ప ముఖంలోకి వెలుగు వచ్చింది. ఆ వెలుగు తెప్పించింది నేనే.

మౌలాలి పొడుగు సన్నాయికి పీక బిగించాడు. బిగింపులో తడబాటు లేదు. మొదటిసారి తొమ్మిది సెకన్లు, అందులో సగం దగ్గు. రెండోసారి మూడు. ఆయన భార్య వచ్చి వీపు రాసింది. పది నిమిషాలు ఆగాడు. మూడోసారి ఆరు సెకన్లు వచ్చింది. దగ్గు లేదు. ఆ ఆరింటిని మొదటి స్లాట్‌లో దాచాను. ఈసారి వైరు తీసి, మళ్లీ పెట్టి, నిలిచిందని వాళ్లకు చూపించాను.

తర్వాత తిప్పాను.

ఒక్కసారి వింటే ఆ ఆరు సెకన్లలో లోపం తెలియదు. మొదట స్వరం సరిగ్గానే ఉంది. నాలుగో సెకను దగ్గర ఊపిరి తగ్గి స్వరం కిందికి జారింది, చివర్లో సన్నని వణుకు. మనిషి ఊదుతుంటే అది ఒకసారి జరిగి దాటిపోయేది. లూప్‌లో దాటిపోదు. ఆరు సెకన్లకోసారి మౌలాలి ఊపిరి జారింది, వణికింది, మళ్లీ లేచింది, మళ్లీ జారింది. లాప్‌టాప్‌లో పిచ్, అంటే స్వరస్థాయి, సరిచేసే సాఫ్ట్‌వేర్ తెరిచాను. సరిచేస్తే జారుడు పోయింది, సన్నాయి కూడా పోయింది. ఏదో హారన్ మోగినట్టు ఉంది. మళ్లీ అసలుదే పెట్టాను. ఆ గదిలో నలుగురం ఎన్ని చుట్లు విన్నామో నేను లెక్కపెట్టలేదు.

మౌలాలి మంచం మీద నుంచి కాలు దించి, నాలుగు స్విచ్‌ల్లో సరైనదాన్ని వెతుక్కుని, నొక్కాడు. ఆగింది.

"ఇది శ్రుతి కాదన్నా," అన్నాడు. "ఆయాసం. దీన్ని ఊరందరికీ ఇనిపించొద్దు."

"నువ్వు వచ్చి కూర్చోరా. మిషను లేకున్నా కూర్చో. ఎవుడు లెయ్యమంటాడో నేను జూస్తా."

"ఏం చేస్తా కూర్చోని? చేతులు కట్టుకోని నీ మొగం చూస్తా ఉండల్నా? ఊదనోనికి చాప ఎందుకు. నువ్వు పో."

సాయంత్రం రెండో చాప మీద ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె పెట్టి హుసేనప్ప వాయించాడు. ఆ పెట్టె గుడివాళ్లు ముందే తెప్పించి ఉంచారు. నేను గుడికి పోలేదు. మౌలాలి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. గుడి మైకుల నుంచి సన్నాయి ఇంట్లోకి స్పష్టంగా వస్తోంది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"పెట్టె బాగనే పలుకుతాండాది సారూ," అన్నాడు కాసేపటికి. "దానికి దగ్గు రాదు."

నేను స్టూలు ఆయన వైపు కాస్త జరుపుకున్నాను.

"మా అన్న పైకి ఎత్తుకునేటప్పుడు... గింజంత ఎక్కువ పోతాడు. చిన్నప్పటి నుంచి అంతే. నేను గూడా గింజంత పోతాంటి, ఎవురికీ తెల్వకుండా." చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "అది పోవడంల్యా. ఇనపడతాందా? మా అన్న తప్పు పోయినట్టు ఇనపడతాండాది."

నిజంగానే అలా వినిపించింది. ఆ రాత్రి కడపకు తిరిగి వచ్చాను. హుసేనప్ప పెడల్ తిరిగి ఇస్తానన్నాడు, తీసుకోలేదు. లూపర్ అక్కడే ఉంచి పోతానంటే మౌలాలి వద్దన్నాడు. దాన్ని మాత్రం వెనక్కి తెచ్చాను.

ఈ కేసు నాకు నేర్పింది ఏమిటని అడిగితే చెప్పగలిగింది ఇదొక్కటే. తొమ్మిదో ప్రశ్నకు జవాబు నేనే రాయకూడదు, అది చిన్న పాఠం. పెద్దది, ఫారంలో లేని ప్రశ్న ఒకటి ఉందని. పెడల్ కోసం వచ్చినవాళ్లు సాధారణంగా తమ సౌండ్‌నే పొరలు పొరలుగా పేర్చుకుంటారు, కాబట్టి నేను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అన్నిటికంటే ముందు అడుగుతున్నాను: పట్టేది ఎవరి సౌండ్? చర్చి కుర్రాళ్లు వింతగా చూసి 'నాదే అన్నా, ఇంకెవరిది' అంటారు. ఇంతవరకు అందరూ అదే జవాబు చెప్పారు. ఆ ప్రశ్న ఇంకెవరికీ అవసరం పడలేదు. అవసరమైన ఒక్కరిని అప్పుడు నేను అడగలేదు.

మౌలాలి ఏప్రిల్‌లో చనిపోయాడు. నలభై రోజులు గడిచాక హుసేనప్ప ఫోన్ చేశాడు. తనిప్పుడు వాయించడం మానేశానని, శ్రుతి పెట్టెతో చెవి కుదరడం లేదని చెప్పాడు. తర్వాత అసలు సంగతి అడిగాడు.

"ఆ పొద్దు నువ్వు రెండో మిషను తెచ్చింటివే నాయనా. దాంట్లో మావాంది ఏమన్నా ఉండాదా?"

"ఉంది పెద్దాయనా. చెరపలేదు."

"ఎంతసేపు ఉండాది?"

లూపర్‌ను అలమర నుంచి దించి, కరెంటు ఇచ్చి, మొదటి స్లాట్ తెరిచి, తెర మీద ఉన్నది చదివి చెప్పాను.

ఆరు సెకన్లు.